చెంబులో సముద్రం

ఆ సోమవారం పొద్దున మబ్బులు పడమటి నుంచి తూర్పుకు పోతూనే ఉన్నాయి. ఎక్కడా నిలవలేదు. బళ్ళారి దిక్కున లేచి, కంబదూరు గుట్టల మీదుగా, వెనక ఎవరో తరుముతున్నట్టు పోయాయి. కింద శెనక్కాయ చేలు పూత మీద ఉన్నాయి. నాలుగు చినుకులు దుమ్ములో పడి, గుంటలు చేసి, ఆరిపోయాయి.

బయ్యన్న కల్లంలో నిలబడి మెడ ఎత్తి చూశాడు. వేరే దినమైతే మబ్బును బూతులు తిట్టేవాడు. ఆ రోజు తిట్టలేదు. గట్టి వాన వస్తే వాకిట్లో వేసిన షామియానా కూలుతుందనీ, సమారాధన ఆగిపోతుందనీ ఆశపడ్డాడు. పైరు కోసం కాకుండా అబద్ధం కోసం వాన కోరుకోవడం అరవై ఆరేళ్ళ బతుకులో అతనికి అదే మొదలు.

అబద్ధం చెప్పేటప్పుడు చిన్నదిగానే ఉంది. కాశీకి పోతున్నామని ఇంట్లో చెప్పి, బయ్యన్నా హనుమంతరాయుడూ మద్రాసు పోయి ఓడ ఎక్కారు. ఒంటరిగా మిగిలిపోయిన పెద్దవాళ్ళు తోడు వెతుక్కోవడానికని ఎవరో ఏర్పాటు చేసిన ఓడ ప్రయాణం అది. రేవులో బయలుదేరి, సముద్రంలో తిరిగి, మళ్ళీ అదే రేవుకు వచ్చి ఆగుతుంది.

"యాడికీ పోని ఓడకు టికెట్టు ఏమిటికప్పా?" అని బయ్యన్న అడిగితే, "నువ్వు మాత్రం యాడికి పోవల్లని వచ్చినావు?" అన్నాడు హనుమంతరాయుడు.

హనుమంతరాయుడు గుంతకల్లులో రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. బయ్యన్నతో పలక పట్టిన స్నేహం. అతనికీ భార్య లేదు. ఓడ కోసం బూడిదరంగు కోటు కుట్టించుకున్నాడు. మొదటి సాయంత్రమే డ్యాన్సులో మోకాలు పట్టేసి, చక్రాల కుర్చీలో గదికి చేరాడు. బయ్యన్న డ్యాన్సు దగ్గరికే పోలేదు. పైఅంతస్తులో కమ్మీ పట్టుకుని నీళ్ళను చూస్తూ నిలబడ్డాడు. పక్కన ఎవరో ఆడమనిషి తనలో తాను అనుకున్నట్టు, "ఇన్ని నీళ్ళు ఉండాయి, గుక్కెడు తాగేకి లేకపాయ" అంది. ఆ యాసకు అతని తల దానంతటదే తిరిగింది. ఆమె పేరు మహేశ్వరి. సొంతూరు గుమ్మగట్ట. రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టే షెడ్డు నడుపుతుంది. భర్త పోయాక ఒంటిచేత్తో నిలబెట్టిన షెడ్డు. ఓడ దిగే ముందు ఆమె ఒకే మాట చెప్పింది.

"మీ ఇంట్లో చెప్పినాక పిలవండి, వస్తా. దొంగదావన వచ్చేదాన్ని కాను."

బయ్యన్న ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోగా, కాశీ నుంచి వచ్చినవాడికి జరిగే మర్యాదలన్నీ జరిపించుకున్నాడు. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైన కూరగాయ ఒకటీ, పండు ఒకటీ అక్కడే గంగలో వదిలి వస్తారు. బతికినంత కాలం మళ్ళీ ముట్టరు. ఏం వదిలినారని కోడలు హేమ అడిగితే, హనుమంతరాయుడు తడుముకోకుండా కాకరకాయ అన్నాడు. అది అతను పుట్టినప్పటి నుంచీ తినడు. బయ్యన్న కంగారులో వంకాయ అన్నాడు. వంకాయ లేనిదే అతనికి ముద్ద దిగదు. ఆ మాట అన్నప్పటి నుంచి ఇంట్లో గుత్తొంకాయ చేసిన రోజల్లా మజ్జిగ పోసుకుని లేస్తున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. చెంబు ఒక ఎత్తు.

అక్క రామలక్ష్మమ్మ తమ్ముణ్ణి జీవితంలో అడిగింది ఒకటే. పోయే ముందు గొంతులో గంగ పడాలని. ఎనభై దాటిన మనిషి, మంచం దిగడం లేదు. ఆమె కోసమని బయ్యన్న మద్రాసులో రాగిచెంబు కొన్నాడు. గంగ నింపి అమ్మే చెంబులు ఎక్కడా దొరకలేదు. ఒడ్డున నిలబడి దిక్కులు చూస్తుంటే హనుమంతరాయుడే దావ చూపించాడు.

"గంగ పోయి యాడ కలుస్తాది?"

"సముద్రంలో."

"అట్లయితే ఇందులో గంగ లేదంటావా?"

సముద్రం పక్కన పుట్టినవాడు ఆ తప్పు చేయడు. పుక్కిట పట్టి, ఉమ్మేసి, చెంబు బోర్లించి పోతాడు. మెట్టపొలాల మనిషికి నిండిన చెంబును బోర్లించడం చేతకాదు. బయ్యన్న చెంబు ముంచాడు. స్టవ్వులు బాగుచేసేవాడి దగ్గర, కాశీ చెంబులకు ఉన్నట్టు, మూతకు మాటు వేయించాడు. ఊరికి తెచ్చాడు. హేమ దానికి పసుపు రాసి, దారం చుట్టి, దేవుడి గదిలో పెట్టి బీగం వేసింది. కొడుకు విజయభాస్కర్ ఊరందరినీ సమారాధనకు పిలిచాడు. ముందు రోజు రాత్రి హనుమంతరాయుడు ఫోన్ చేసి, సమారాధనకు మహేశ్వరిని కూడా పిలిచినానని చెప్పి ఉన్నాడు.

ఇప్పుడు అతను మొదటి బస్సుకు దిగి, గుడ్డసంచి చంకలో పెట్టుకుని, కల్లంలోకి వచ్చాడు. ఇద్దరూ గడ్డివామి వెనక్కు పోయారు.

"తెచ్చినావా?" అన్నాడు బయ్యన్న.

"తెచ్చినా." సంచిలోంచి ప్లాస్టిక్ బాటిల్ తీశాడు. "మా గుంతకల్లులో నాతో పనిచేసిన ఆయప్ప ఇంట్లో ఉండె. అసలైన గంగ. అడిగి పోయించుకుని వచ్చినా."

"మాటు యాడుంది?"

"ఏం మాటు?"

"చెంబుకు మాటు ఉండాది కదప్పా. అది ఊరి ముందర తీస్తారు. ఈ బాటిలు చూపించి, గంగమ్మ చెంబులోంచి దీంట్లోకి దూకిందని చెప్పల్నా?"

హనుమంతరాయుడు బాటిల్‌ను తిప్పి చూశాడు. "దీని సంగతి నాకు తట్టలేదే" అన్నాడు.

"ఆమెకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

"కల్యాణదుర్గంలో బస్సు దిగి ఆటో మాట్లాడతాండానని ఇప్పుడే చెప్పింది. భోజనాల టయానికి ఈడ ఉంటాది."

"ఇంట్లో చెప్పినానని ఆమెకు చెప్పిందెవరు?"

"నేనే. నువ్వు ఎట్లైనా చెప్తావు కదా, ముందుగా చెప్తే ఏమని..."

"నీ నోట్లో దుమ్ము పొయ్య."

"పొయ్యి. ఓడ మీద ఆమె పక్కన నిలబడి నీ మొగం చూసుకున్నావా? నీ పెండ్లిలో గూడా నువ్వు అట్ల లేవు. నేను చూసినా. నువ్వు చెప్పేదాకా ఉంటే మనిద్దరికీ కట్టెలు పేరుస్తారు."

బయ్యన్న ఫోన్ తీసి మహేశ్వరి నంబరు చూశాడు. వేలు దాని మీద పెట్టలేదు. ఫోన్ జేబులో వేసుకున్నాడు. వాకిట్లో తప్పెట మోగింది.

దేవుడి గదిలోంచి తీసి ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయిన చెంబును, అక్కడి నుంచి రాగి పళ్ళెంలో పెట్టుకుని ఊరేగింపుగా తెచ్చారు. బయ్యన్న ముందు నడిచాడు. ఆడవాళ్ళు అతని కాళ్ళ మీద నీళ్ళు పోశారు. కాశీకి పోయి వచ్చిన కాళ్ళని కళ్ళకద్దుకున్నారు. అతను కాళ్ళు వెనక్కు లాక్కోబోతే హేమ, "నిలబడు మామా" అంది. హేమకు మాటలు తక్కువ. చూపు ఎక్కువ.

నడవలో రామలక్ష్మమ్మ మంచం వేశారు. ఆమె వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఎదురుగా బియ్యం రాశి మీద చెంబు, దాని పక్కన పళ్ళెం పెట్టారు. ఈ ఊళ్ళో ఆనవాయితీ ఏమంటే, మొదటి ఉద్ధరిణి ఇంట్లో పెద్దకు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ తీర్థం. జనం అప్పుడే వరస కట్టి ఉన్నారు. ముందు తిప్పయ్య, ఏ తీర్థం దగ్గరైనా ముందుండే మనిషి.

విజయభాస్కర్ స్క్రూడ్రైవరు పెట్టి మాటు ఎత్తాడు. మూత టక్కున లేచింది. బయ్యన్నకు తన వెన్నులో ఏదో లేచినట్టు వినబడింది.

"నాయనా, నువ్వే పొయ్యి. తెచ్చిన చేత్తో పొయ్యల్ల."

"అక్కకు దగ్గుగా ఉండాది. ఈపొద్దు వద్దులే."

"దగ్గు నాకా, నీకా?" అంది రామలక్ష్మమ్మ. "తే."

అందరూ నవ్వారు. బయ్యన్న చెంబు వంచాడు. ఉద్ధరిణి అంచు దాటి ఒక చుక్క రాగి పళ్ళెం మీద పడింది. మిగిలింది ఉద్ధరిణిలో నిండింది. చెంబు జారవిడిస్తే అంతా అయిపోతుందని ఒక ఆలోచన వచ్చింది. గంగను నేలపాలు చేసినవాడని బతికినంత కాలం అంటారు. అననీ. కానీ అక్క నోరు తెరుచుకుని ఉంది. పళ్ళు లేని నోరు, పిల్లలు తెరిచినట్టు తెరిచింది. ఆ నోటిని ఖాళీగా మూయించడం అతనికి చేతకాలేదు.

పోశాడు.

ఆమె దవడ కదలడం ఆగింది. కళ్ళు మూసుకుంది. నడవలో ఎవరో గోవింద అన్నారు. మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. కళ్ళు తెరిచి చెంబును చూడలేదు. తమ్ముడి మీసం చూసింది.

"ఇంగొకటి పొయ్యి" అంది.

రెండోది కూడా మింగింది. ఆ తర్వాత తిప్పయ్య ముందుకు వచ్చి అరచెయ్యి చాపాడు. బయ్యన్న ఉద్ధరిణి ఆ చేతి మీదికి వచ్చింది. ఇక దాన్ని వంచడమే మిగిలింది.

"ఆపు." రామలక్ష్మమ్మ గొంతు బొంగురుగా వచ్చింది. "ఆ చెంబు ఇట్లియ్యి."

"అత్తా, అందరికీ తీర్థం..." అన్నాడు విజయభాస్కర్.

"ఇది నా గంగ. నా తమ్ముడు నాకోసరం తెచ్చినాడు. నేను పోయేటప్పుడు నా గొంతులో పోసి, మిగిలింది మీరు పంచుకోండి. అందాకా పొండి. ఓళిగలు ఆరిపోతాండాయి."

తిప్పయ్య చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు. "ఏమమ్మా, ఒక్క చుక్క గూడా ఇయ్యవా? గంగమ్మను గూడా బొడ్లో దోపుకుంటావా?"

"నువ్వు దినామూ తాగేదానికన్నా ఇది మంచిదేం కాదు పోరా."

జనం మళ్ళీ నవ్వారు. నవ్వుతూ పందిట్లోకి కదిలారు. హేమ నవ్వలేదు. ఆమె రాగి పళ్ళెం వైపు చూస్తోంది. పొడిగాలికి ఆ చుక్క ఆరిపోయింది. ఆరిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. హేమ వేలితో దాన్ని గీరింది. వేలు చూసుకుంది. పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

"హనుమంతూ, ఆ తలుపు మూయి. నువ్వు బయటుండు" అంది రామలక్ష్మమ్మ. "బయ్యా, ఈడ కూచో."

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు. చెంబు ఆమె ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి.

"ఉప్పు" అంది.

"అక్కా, రాగి చెంబు కదా, నిలవుంటే..."

"రాగి ఉప్పయితాదా? మన బోరు ఉప్పు నాకు తెలుసు. నాలిక కింద పిండి మాదిరి నిలుస్తాది. ఇది అది కాదు. ఊరగాయ జాడీలో ఊరిన నీళ్ళు. యాడివి?"

"సముద్రం."

"కాశీలో సముద్రం ఉండాదా?"

"లేదు."

"అట్లయితే నువ్వు కాశీకి పోలేదు."

"పోలేదు."

ఆమె తల ఊపింది. ఆశ్చర్యం ఏమీ లేదు ఆ ముఖంలో. "వచ్చిన దినమే అనుకుంటి. కాశీకి పోయినోడు గుండు కొట్టించుకుని వస్తాడు. నువ్వు మీసానికి రంగేసుకుని వచ్చినావు. చెవుల్లో వెంట్రుకలు గూడా తీయించినావు. ఎవరామె?"

బయ్యన్న గోడ వైపు చూసి చెప్పాడు. ఓడ గురించి, కమ్మీ గురించి, హనుమంతరాయుడి మోకాలి గురించి. మహేశ్వరి పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గింది.

"యా ఊరు?"

"గుమ్మగట్ట."

"సముద్రం దాకా పోయి గుమ్మగట్ట మనిషిని చూసుకుని వచ్చినావా? ఈడ బస్సెక్కితే పొద్దుకూకేలోగా పోయి వచ్చేదానికి!"

అతనికి నవ్వు వచ్చింది. ఇంకా పూర్తిగా రాలేదు, ఆమె అంది: "నవ్వాకు."

బయట పందిట్లో నీళ్ళు నీళ్ళు అని ఎవరో అరుస్తున్నారు. రామలక్ష్మమ్మ చెంబుకు చుట్టిన పసుపు దారాన్ని వేలితో లాగుతూ ఉంది.

"నన్ను కట్టుకున్న ఆయప్ప పోయినప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. నాయన బండి కట్టుకుని వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. దావంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చినాక నిన్ను నా ఒళ్ళో పెట్టి, ఇంగ వీడే నీ బతుకు అన్నారు. నువ్వు మూడేండ్ల పిల్లోడివి. నేను సరే అంటి. నాకెవరన్నా ఓడ చూపించినారా? కల్యాణదుర్గం తేరు గూడా చూపియ్యలేదు."

బయ్యన్న తల దించుకున్నాడు.

"నీ పెండ్లాం పోయి ఆరేండ్లాయ. నీకు తోడు కావల్లంటే నన్ను అడగొచ్చు. కాశీ పేరు ఏమిటికి చెప్పినావు? నేను కోరింది ఆ ఒక్కటే అని తెలిసి, ఆ పేరే ఎట్ల వచ్చె నీ నోటికి?"

"నిన్ను ఎట్ల అడగల్ల?" అతను మొదటిసారి తల ఎత్తాడు. "అక్కా, నువ్వు చెప్పు. నీ మొగం చూసి, ఈ ఇంట్లో, ఆ మాట నేను ఎట్ల అడగల్ల? పందొమ్మిదేండ్లకు నిన్ను కూచోబెట్టిన చోటే కూచోనుండావు. నేను అరవై ఆరేండ్లకు పోయి, నాకు ఒంటరిగా ఉండాదని చెప్పల్నా? నీకు చెప్పల్నా?"

ఆ మాటకు రామలక్ష్మమ్మ దారం లాగే వేలు ఆగింది. చూరులో పిచ్చుక ఒకటి లోపలికి వచ్చి, దావ తెలియక తిరిగి, మళ్ళీ పోయింది.

"హనుమంతు సంచిలో అసలైన గంగ ఉండాది" అన్నాడు బయ్యన్న. "తెచ్చి పోస్తా. కాలు పట్టుకుంటా."

"ఎవరు తెచ్చింది?"

"గుంతకల్లు ఆయప్ప ఒకాయన."

"నేను ఆయప్పను అడిగినానా? నిన్ను అడిగినా. నువ్వు నాకు తెచ్చింది ఇది." చెంబును ఇంకా దగ్గరికి తీసుకుంది. "రెండు ఉద్ధరిణులు మింగినా. అయిపాయ. ఇప్పుడు చెప్పు. ఆమెకేం చెప్పినావు?"

"ఆమె వస్తాంది. ఈపొద్దే. ఇంట్లో అందరికీ తెలుసని అనుకుంటాంది."

"తెలీదని ఆమెకు తెలీదు."

"తెలీదు. తెలిస్తే గడప తొక్కేది కాదు. తెలిసినంక మళ్ళీ నా మొగం చూడదు."

"అంటే ఆమెకు గూడా ఉప్పునీళ్ళే పోసినావు" అంది రామలక్ష్మమ్మ.

వాకిట్లో ఆటో ఆగిన చప్పుడు వినబడింది.

బయ్యన్న తలుపు తీసేటప్పటికి హేమ గడప దగ్గర నిలబడి ఉంది. ఎదురుగా మెట్టు కింద మహేశ్వరి. నీలం చీర, చేతిలో దానిమ్మపండ్ల బుట్ట. ఓడ మీద చూసినప్పటికన్నా చిన్నగా కనబడింది. ఎండకు కళ్ళు చికిలించి ఉంది.

"ఎవరు కావాలమ్మా?" అంది హేమ.

"బయ్యన్న గారి ఇల్లు ఇదే కదా? నేను మహేశ్వరి. రాయదుర్గం."

ఆ పేరు హేమ ముఖం మీద పడింది. పడి, ఏమీ కదిలించకుండా జారిపోయింది. మహేశ్వరి అది చూసింది. ప్యాంట్ల కుట్టు చూసి ఎక్కడ తప్పిందో చెప్పే మనిషికి అది చూడటం కష్టం కాదు. ఆమె చేతిలో బుట్ట కొంచెం దిగింది.

"మామ మీకెట్ల తెలుసు?" హేమ గొంతు మర్యాదగానే ఉంది. "కాశీలో కలిసినారా?"

"కాశీలోనా?"

మహేశ్వరి హేమ భుజం మీదుగా బయ్యన్నను చూసింది.   వెనక హనుమంతరాయుడు, పందిట్లోకి పోతున్న ఓళిగల గంప ఒకటి ఎవరి చేతిలోంచో లాక్కుని దాని చాటున నిలబడ్డాడు. చారు బక్కెటు ఎత్తుకుని లోపలికి వస్తున్న విజయభాస్కర్ అక్కడే ఆగాడు.

ఆమె కాదనకుండా ఉంటే సరిపోయేది. ఒక చిన్న తల ఊపుడు చాలు. ఊరికి అంతా కాశీయే అయి ఉండేది. బయ్యన్న కళ్ళు అదే అడిగాయి. అడిగినందుకు అతనికే సిగ్గేసింది.

"నేను ఇంతవరకూ కాశీ చూడలేదమ్మా" అంది మహేశ్వరి.

బుట్టను మెట్టు మీద పెట్టింది. "ఇవి ఇంట్లో పెద్దామెకు. ఆటో ఇంకా పోలేదు. నేను వస్తా."

"ఎవరది, వాకిట్లోనే తిరిగి పోతాండేది?" లోపల్నుంచి రామలక్ష్మమ్మ గొంతు వచ్చింది. ఆ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది. "సమారాధన దినం వచ్చిన మనిషి తినకుండా పోతే, మిగిలినోళ్ళకు ఎట్ల దిగుతాది?"

"బేడవ్వా, వద్దు. దూరం పోవల్ల."

"ఎండన పడి అంత దూరం వచ్చినదానివి, ఆకు ముందర కూచునేకి తొందరా? రా. హేమా, ఆకులెయ్యి. ఈడ, నా దగ్గర. నన్ను కిందికి దించండి."

విజయభాస్కర్ బక్కెటు కింద పెట్టి తండ్రి వైపు ఒకసారి చూశాడు.  పోయి మేనత్తను ఎత్తి చాప మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ఆమె చెంబు వదల్లేదు. చెంబుతోనే దిగింది. ఆమె పక్కన మహేశ్వరికి ఆకు వేశారు. ఎదురుగా బయ్యన్నకూ, హనుమంతరాయుడికీ. మహేశ్వరి గడప మీద చాలాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు విప్పింది.

హేమ వడ్డించింది. చిత్రాన్నం, పప్పు, ఓళిగ, మీద నెయ్యి. తర్వాత గుత్తొంకాయ తెచ్చింది. నూనె తేలుతూ, శెనగ్గింజల పొడి వాసనతో ఆవిరి లేస్తోంది. అవ్వకు మెత్తటిది ఒకటి వేసింది. మహేశ్వరికి వేసింది. హనుమంతరాయుడికి వేసింది. బయ్యన్న ఆకు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం గరిటె దాటించింది.

"వానికి గూడా వెయ్యి" అంది రామలక్ష్మమ్మ.

"మామ కాశీలో వదిలినాడు కదవ్వా."

"వెయ్యి."

గరిటె గాలిలో నిలిచింది. హేమ అవ్వ ముఖం చూసింది, మామ ముఖం చూసింది. విజయభాస్కర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. హేమ గరిటె వంచింది. వంకాయ ఒకటి బయ్యన్న ఆకు మీద పడింది. నూనె మెల్లగా అన్నం వైపు పాకింది.



బయ్యన్న వంకాయను చూస్తూ కూర్చున్నాడు. తింటే కాశీ లేదు. తినకపోతే ఎదురుగా కూర్చున్న మనిషి లేదు. తొడిమ పట్టుకుని వంకాయ విడదీశాడు. అన్నంలో కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. హేమ చూస్తూ ఉంది. విజయభాస్కర్ చూస్తూ ఉన్నాడు. హనుమంతరాయుడు తల ఆకులోకి దించుకుని, తినలేక ఓళిగను తుంచుతూ ఉన్నాడు. మహేశ్వరి మాత్రం అతని చేతినే చూసింది. రెండో ముద్ద ఎత్తేదాకా చూసి, అప్పుడు తన ఆకులో చెయ్యి పెట్టింది.

రామలక్ష్మమ్మ ముద్ద ముట్టలేదు. ఒళ్ళో చెంబు ఎత్తి, రెండు చేతులతో వంచి, మహేశ్వరి గ్లాసులో పోసింది. ఊరికి చుక్క ఇవ్వని నీళ్ళు, సగం గ్లాసు పోసింది. చెంబును ఇద్దరి ఆకుల మధ్య పెట్టింది.

బయ్యన్న చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

మహేశ్వరి గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. ఆమె గొంతు కదలలేదు. పైఅంతస్తు కమ్మీ దగ్గర తను అన్న మాట ఆమెకు గుర్తొచ్చి ఉండాలి. నోట్లో నీళ్ళతో అలాగే బయ్యన్న వైపు చూసింది. తర్వాత పక్కనున్న ముసలామె వైపు చూసింది. రామలక్ష్మమ్మ ఆమెనే చూస్తోంది, కళ్ళు ఆర్పకుండా.

మహేశ్వరి మింగింది. గ్లాసు కింద పెట్టింది. అన్నం కలుపుకుంది.

అప్పుడు రామలక్ష్మమ్మ ఆకులో చెయ్యి పెట్టింది. నలుగురూ తిన్నారు.  పందిట్లో మాటలు ఎప్పుడు ఆగిపోయాయో, కిటికీ కమ్మీల దగ్గర తిప్పయ్య ముఖం కనబడింది.

హేమ గరిటె గిన్నెలో పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఇందాక పళ్ళెం గీరిన వేలిని ఒకసారి చూసుకుని, వంగి, ఆ చెంబు అందుకుని, తన అరచేతిలోకి వంచుకుంది.